మా బడి గేటు మీద పేరున్న కస్తూర్బా ఏమి చేశారు?

పలకాబలపం | ఫిబ్రవరి 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పార్వతీపురం మన్యం ప్రాంతంలో ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి. మధ్యలో చదువు మానేసినవాళ్లు, తల్లిదండ్రులు వలసపోతే అమ్మమ్మ దగ్గర మిగిలిపోయినవాళ్లు, తమ ఇంట్లో మొదటిసారి పలక పట్టినవాళ్లు ఎక్కువ.

నిన్న ఏడో తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడమ్, మన గేటు మీద పేరున్న ఆవిడ ఎవరు?" అని అడిగింది. గాంధీగారి భార్య అన్నాను. "అది తెలుసు మేడమ్. ఆవిడ ఏమి చేశారు?" అంది.

నాకు నోట మాట రాలేదు. 1869లో పోరుబందరులో పుట్టారు, పద్నాలుగో ఏటికే పెళ్లయింది, నలుగురు కొడుకులు అని చెప్పాను. అవన్నీ ఆమెకు జరిగినవే గాని ఆమె చేసినవి కావు కదా! పిల్ల కూర్చుంది గాని, ముఖంలో ఆ ప్రశ్న అలాగే ఉంది.

ఈ 22న ఆమె వర్ధంతి. ఉదయం ప్రార్థన తర్వాత నాకు పది నిమిషాలు ఇస్తారు. తెలిసినవాళ్లు సాయం చేయండి. "మహాత్మునికి తోడునీడగా నిలిచిన సాధ్వి" వంటి మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి వద్దు. పిల్లలు అలాంటి మాటలకు తల ఊపుతారు, నమ్మరు.


పాత పుస్తకం | ఫిబ్రవరి 9, రాత్రి 10:45

అమ్మా, ఆ పిల్ల అడిగింది అసలైన ప్రశ్న. నేను కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. నన్నడిగితే పుట్టుక దగ్గర మొదలుపెట్టకండి, 1913 దగ్గర మొదలుపెట్టండి.

ఆ ఏడాది మార్చి 14న దక్షిణాఫ్రికాలో, కేప్ సుప్రీంకోర్టులో న్యాయమూర్తి సియర్ల్ ఒక తీర్పు చెప్పాడు. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లి చెల్లదన్నాడు. ఒక్క కలంపోటుతో అక్కడి హిందూ, ముస్లిం, పారశీ ఇల్లాళ్లు చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. పిల్లలకు తండ్రి ఆస్తి మీద హక్కు లేకుండా పోయింది.

డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమంలో గాంధీ ఆడవాళ్లను సత్యాగ్రహానికి పిలిచాడు. ఒక్కొక్కరితోనూ మాట్లాడాడు గాని కస్తూర్బాతో మాట్లాడలేదు. భర్త అడిగితే ఇష్టం లేకపోయినా ఊ అంటుందేమో, తీరా కోర్టులో నిలబెట్టాక వణికిపోతే ఎలా అన్నది ఆయన అనుమానం. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. వచ్చి నిలదీసింది. ఈ సంగతి నాకు చెప్పనందుకు బాధగా ఉంది, జైలుకు పనికిరానంత లోపం నాలో ఏముంది అంది. భయపడి వెనక్కి వస్తే నా పరిస్థితి ఏమిటి అన్నాడాయన. కష్టం ఓర్చుకోలేక క్షమాపణ చెప్పి బయటపడితే నాతో మీకు సంబంధమే వద్దు, మీరు ఓర్చుకోగలరు, నా పిల్లలు ఓర్చుకోగలరు, నేనెందుకు ఓర్చుకోలేను అంది. దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో గాంధీయే రాసుకున్న సంగతి ఇది.

పదహారు మంది బయలుదేరారు. అందులో ఆడవాళ్లు నలుగురు. పదహారేళ్ల కొడుకు రామదాసు కూడా ఉన్నాడు. తాముంటున్న నాటాల్ నుంచి, వోక్స్‌రస్ట్ దగ్గర అనుమతి లేకుండా సరిహద్దు దాటి పక్క రాష్ట్రమైన ట్రాన్స్‌వాల్ లోకి వెళ్లారు. పోలీసులు అడిగితే పేర్లు చెప్పకూడదని ముందే అనుకున్నారు. గాంధీ మనుషులని తెలిస్తే పట్టుకోకుండా వదిలేస్తారని! సెప్టెంబరు 23న మూడు నెలల కఠిన శిక్ష పడింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు.

"గాంధీ భార్య" అన్న పేరు దాచుకుని జైలుకు వెళ్లిన మనిషి అని చెప్పండి మీ పిల్లకు.


నాటాల్ తెలుగు | ఫిబ్రవరి 10, ఉదయం 11:05

నేను పదకొండేళ్లుగా డర్బన్‌లో ఉంటున్నాను. మాస్టారు ఎత్తుకున్న కథలో మనవాళ్ల భాగం కూడా ఉంది, అది చెప్పాలి.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తెచ్చి డర్బన్ రేవులో దింపింది. అప్పటినుంచి 1911 వరకు వచ్చినవాళ్లు 1,52,184 మంది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు అందులో వేలల్లో ఉన్నారు. చెరకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం. మొదట్లో నెలకు పది షిల్లింగుల జీతం. ఒప్పందం తీరాక ఇక్కడే ఉండాలంటే మనిషికి ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టమన్నారు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే ఆరు నెలల జీతం. మగపిల్లవాడికి పదహారు నిండితే, ఆడపిల్లకు పదమూడు నిండితే ఈ పన్ను. మీ ఏడో తరగతి పిల్లల్లో సగం మందికి పడేది, మేడమ్.

1913 పోరాటం పెళ్లిళ్లకు ఎంతో, ఈ పన్నుకూ అంతే. కస్తూర్బా బృందం నాటాల్ నుంచి ట్రాన్స్‌వాల్ లోకి వెళితే, జోహాన్నెస్‌బర్గ్ నుంచి తమిళ ఇల్లాళ్లు ఎదురుదిక్కున నాటాల్ లోకి వచ్చి, న్యూకాజిల్ బొగ్గు గనుల్లో కూలీలను పని ఆపమని అడిగారు. గనులు ఆగిపోయాయి. ఆ మంట చెరకు తోటలకూ పాకింది. ఆ ఆడవాళ్లకూ మూడు నెలల శిక్షే వేసి, కస్తూర్బా ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గ్ జైలుకే పంపారు. వాళ్లలో కొందరి చంకలో పసిపిల్లలున్నారు.

వల్లియమ్మ అనే పదహారేళ్ల అమ్మాయి ఆ జైలులోనే జ్వరం తెచ్చుకుని, విడుదలైన కొద్ది రోజులకు 1914 ఫిబ్రవరి 22న చనిపోయింది. జైలుకు వెళ్లినందుకు పశ్చాత్తాపం ఉందా అని మంచం పక్కన కూర్చుని గాంధీ అడిగితే, ఇప్పుడు పట్టుకున్నా మళ్లీ వెళతాను అందట. తేదీ చూశారా? సరిగ్గా 30 ఏళ్ల తర్వాత, అదే ఫిబ్రవరి 22న కస్తూర్బా కూడా బందీగానే కన్నుమూసింది. మీ పది నిమిషాల్లో అర నిమిషం వల్లియమ్మకు ఇవ్వండి. మీ పిల్లల కంటే మూడు నాలుగేళ్లే పెద్దది.

1914లో చట్టం మారింది. పన్ను పోయింది, మన పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది.


నిప్పుకణిక | ఫిబ్రవరి 10, రాత్రి 8:30

అందరూ బాగా చెబుతున్నారు. కానీ ఒక మాట అడగాలి. ఆమెను గౌరవించడమంటే ఆమెకు జరిగిన అన్యాయాన్ని మింగేయడం కాకూడదు.

డర్బన్‌లో ఉండగా గాంధీ దగ్గర గుమాస్తాలు ఇంట్లోనే ఉండేవారు. గదుల్లో రాత్రి వాడిన మూత్రపు కుండలు భార్యాభర్తలే ఎత్తిపోయాలి. పంచముల ఇంట పుట్టి క్రైస్తవుడైన కొత్త గుమాస్తా వచ్చాడు. అతని కుండ దగ్గర ఆమెకు గొంతు దాకా వచ్చింది. కళ్లు ఎర్రబడి, చెంపల మీద నీళ్లు కారుతుండగా కుండ పట్టుకుని మెట్లు దిగింది. గాంధీకి అది చాలలేదు, నవ్వుతూ చేయాలన్నాడు. నీ ఇల్లు నువ్వే ఉంచుకో, నన్ను పోనీ అంది. చేయి పట్టి గేటు దాకా ఈడ్చుకెళ్లాడు, గేటు తీశాడు కూడా. సిగ్గు లేదా మీకు, ఇక్కడ నాకు అమ్మా నాన్నా ఎవరున్నారని ఎక్కడికి పొమ్మంటారు, గేటు వేయండి, ఎవరైనా చూస్తారు అని ఏడ్చింది.

ఇదీ ఆయన ఆత్మకథలో ఉన్నదే. రాసి ఒప్పుకున్నందుకు ఆయనను మెచ్చుకుంటాం. ఆ గేటు దగ్గర నిలబడిన మనిషిని ఏమి చేద్దాం? 1906లో బ్రహ్మచర్య వ్రతం ఆయన నిర్ణయం. కొడుకులను బడికి పంపకపోవడం ఆయన నిర్ణయం. పెద్దకొడుకు హరిలాల్ అందుకే తండ్రికి దూరమై పాడైపోతే, కడుపుకోత ఆమెది. మన ఇళ్లలో ఆడపిల్లలకు "కస్తూర్బాలా ఓర్చుకో" అని నేర్పుతారేమోనని నా భయం. ఓర్పు గురించి మాత్రం ఆ పిల్లలకు చెప్పకండి మేడమ్, మీకు దండం పెడతాను.


పాత పుస్తకం | ఫిబ్రవరి 10, రాత్రి 11:10

నిప్పుకణిక గారూ, మీరన్నదానిలో ఒక్క అక్షరం కొట్టేయను. ఆ గేటు సంగతి చదివినప్పుడల్లా నాకూ కడుపు తరుక్కుపోతుంది. ఒకటి మాత్రం గమనించండి, ఆ గేటు దగ్గర కూడా ఆమె నోరు మూసుకోలేదు.

1901లో దక్షిణాఫ్రికా విడిచి వస్తుంటే అక్కడి భారతీయులు నగలు, వెండి వస్తువులు కానుకలుగా ఇచ్చారు. కస్తూర్బాకు యాభై గినీల విలువైన బంగారు హారం ఇచ్చారు. ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకోకూడదని గాంధీ రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించి, అన్నీ ట్రస్టుకు రాసేద్దామని తేల్చాడు. ముందు పిల్లలను ఒప్పించి, వాళ్లను తనవైపు నిలబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె గట్టిగా వాదించింది. రేపు కోడళ్లు వస్తారు, వాళ్లకేమి పెట్టాలి? నా కొడుకులను ఇప్పటినుంచే సన్యాసులను చేస్తారా? నా హారం మీద మీకేమి హక్కు? అది నీ సేవకు ఇచ్చారా, నా సేవకు ఇచ్చారా అన్నాడాయన. సరే, మీరు చేసిన సేవ నేను చేసినట్టే, మీకోసం రాత్రింబవళ్లు ఒళ్లు విరుచుకున్నాను, అది సేవ కాదా, ఎవరెవరినో ఇంటికి తెచ్చి పెట్టి నన్ను కన్నీళ్లు పెట్టించారు, వాళ్లందరికీ ఊడిగం చేశాను అంది.

నగలు చివరికి వెళ్లిపోయాయి. ఆ వాదన నిలిచింది. ఇంటి చాకిరీ కూడా ఉద్యమంలో పనే, దానికి లెక్క ఉండాలి అని 1901లోనే ఒక ఇల్లాలు ముఖం మీద అడిగింది. పుస్తకాల భాషలో అనలేదు, అంతే తేడా.


పలకాబలపం | ఫిబ్రవరి 11, సాయంత్రం 6:15

చదువుతుంటే సిగ్గేస్తోంది. ఎనిమిదేళ్లుగా ఆ గేటు కింద నుంచే బడిలోకి వెళుతున్నాను.

నిప్పుకణిక గారూ, ఓర్పు గురించి చెప్పను. మాట ఇస్తున్నాను. భారతదేశం వచ్చాక ఆమె పల్లెల్లో చేసిన పని గురించి ఎవరైనా చెప్పగలరా? మా పిల్లలకు దక్షిణాఫ్రికా దూరం. పల్లె, గుడిసె, జ్వరం, ఇవి వాళ్లకు దగ్గర.


గండక్ ఒడ్డు | ఫిబ్రవరి 11, రాత్రి 9:50

బ్యాంకు ఉద్యోగంలో నాలుగేళ్లు బీహార్ చంపారన్‌లో పనిచేశాను. భితిహర్వా వెళ్లి చూశాను.

1917లో నీలిమందు రైతుల కోసం గాంధీ అక్కడికి వెళ్లిన సంగతి అందరికీ తెలుసు. విచారణ ఒక పక్క నడుస్తుండగా ఊళ్లలో బడులు తెరిచారు. మొదటిది బర్హర్వా లఖన్‌సేన్‌లో నవంబరు 13న, రెండోది భితిహర్వాలో నవంబరు 20న. కస్తూర్బా భితిహర్వాలో ఉంది. పంతుళ్లు దొరక్క గాంధీ బయటి నుంచి స్వచ్ఛంద సేవకులను పిలిపించాడు. పూణె, బొంబాయిల నుంచి వచ్చిన అవంతికాబాయి, ఆనందీబాయి చదువుకున్నవాళ్లు. ఆశ్రమం నుంచి వచ్చిన దుర్గాబెన్, మణిబెన్‌లకు గుజరాతీ ఏదో కాస్త వచ్చు. కస్తూర్బాకు అదీ అంతంతమాత్రమే. వీళ్లు హిందీ పిల్లలకు ఏమి చెబుతారు? అక్షరాలూ అంకెలూ సరే, శుభ్రతా నడవడికా ముఖ్యం అన్నాడు గాంధీ. వాళ్లు పంచిన మందులు మూడే మూడు: ఆముదం, క్వినైన్, గంధకం లేపనం.

అక్కడ ఒక చిన్న ఊళ్లో ఆడవాళ్ల బట్టలు మరీ మాసి ఉన్నాయి. ఎందుకు ఉతుక్కోరో అడగమని గాంధీ భార్యను పంపాడు. ఆమె అడిగింది. ఒకావిడ చేయి పట్టుకుని గుడిసె లోపలికి తీసుకెళ్లింది. చూడండి, ఇక్కడ పెట్టె లేదు, అల్మారా లేదు. నా ఒంటి మీదున్నదే నాకున్న ఒక్క చీర. దీన్ని ఎలా ఉతకను? మహాత్ముడికి చెప్పి ఇంకో చీర ఇప్పించండి, రోజూ స్నానం చేసి రోజూ ఉతికినది కడతాను అంది.

ఆ గుడిసెలోకి మగవాడు వెళ్లలేడు. వెళ్లినా ఆవిడ ఆ మాట చెప్పదు. గాంధీ దేశమంతా తిరిగి బట్ట గురించి మాట్లాడిన మాటల వెనక ఇలాంటి గుడిసెలున్నాయి. వాటి తలుపు తెరిచి లోపలికి వెళ్లింది ఆమె.

మరొకటి. భితిహర్వా బడి వెదురుతోనూ గడ్డితోనూ కట్టింది. ఒక రాత్రి కాలి బూడిదయింది. ఎవరో తగలబెట్టారన్నారు. అక్కడే మళ్లీ ఇటుకలతో కట్టారు.


మగ్గం గుంట | ఫిబ్రవరి 12, ఉదయం 7:30

చీరాల దగ్గర నేత కుటుంబం మాది. ఒక్క చీర సంగతి చదివి, పొద్దున్నే మగ్గం మీద కూర్చోలేకపోయాను.

నాకు తెలిసిన ముక్క ఒకటి చెబుతాను. 1922 మార్చి 18న గాంధీకి ఆరేళ్ల శిక్ష పడింది. అప్పుడు కస్తూర్బా తన పేరున ఒక ప్రకటన ఇచ్చింది. నా భర్తకు శిక్ష పడినందుకు బాధగానే ఉంది, ఆయన మీద జాలి ఉన్నవాళ్లు విదేశీ బట్ట వదలండి, ఆడవాళ్లందరూ నూలు వడకండి, వ్యాపారులు విదేశీ బట్ట వ్యాపారం మానండి అంది. ఏడుస్తూ కూర్చోలేదు. పని చెప్పింది.


నిప్పుకణిక | ఫిబ్రవరి 12, రాత్రి 9:00

గండక్ ఒడ్డు గారికి ధన్యవాదాలు. నేనూ వెతికి చదువుతున్నాను. తప్పు జరిగినచోట తప్పనీ చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

1915లో అహ్మదాబాదు దగ్గర కోచరబ్ ఆశ్రమంలోకి దూదాభాయి, దానీబెన్ దంపతులు, వాళ్ల పసిపాప లక్ష్మి వచ్చారు. దళిత కుటుంబం. ఆశ్రమంలోని ఆడవాళ్లకు నచ్చలేదు. వాళ్లలో కస్తూర్బా కూడా ఉంది. ఊళ్లోని ధనవంతులు విరాళాలు ఆపేశారు. ఆ ఇంట్లో మళ్లీ గొడవ. అయితే ఆ లక్ష్మి తర్వాత గాంధీ దంపతుల దత్తపుత్రికై ఆశ్రమంలోనే పెరిగింది. ఆ పాపను పెంచిన చేతుల్లో మొదట వద్దన్న చేతులూ ఉన్నాయి.

అక్కడితో అయిపోలేదు. 1938లో కస్తూర్బా ఒరిస్సాలోని డెలాంగ్ సభలకు వెళ్లినప్పుడు పూరీ జగన్నాథుడి గుడిలోకి వెళ్లి వచ్చింది. హరిజనులను రానివ్వని గుడిలోకి వెళ్లబోమని వాళ్లందరి నియమం. గాంధీ తల్లడిల్లిపోయాడు, రక్తపోటు పెరిగింది. ఆమె తప్పు ఒప్పుకుంది.

నాకు ఈ రెండోది చదివాక ఆమె మీద కోపం రాలేదు, దగ్గరితనం వచ్చింది. జగన్నాథుణ్ని చూడాలనుకునే పాతకాలపు భక్తురాలు ఆమె. నమ్మకానికీ న్యాయానికీ మధ్య నలిగింది. ఇరవై ఏళ్లు నేర్చుకున్నా ఒకరోజు కాలు జారింది. ఆడవాళ్లను విగ్రహాలుగా నిలబెడితే ఈ సంగతులన్నీ దాచిపెట్టాల్సి వస్తుంది.


పాత పుస్తకం | ఫిబ్రవరి 13, రాత్రి 10:20

ఇప్పుడు రాజకోట. ఇది చాలామందికి తెలియదు.

గాంధీ తండ్రి రాజకోట సంస్థానంలో దివాను. కస్తూర్బా కొత్త కోడలిగా మసలిన ఊరది. 1938 డిసెంబరులో అక్కడి పాలకుడైన ఠాకూరు, ప్రజలకు అధికారంలో వాటా ఇస్తానని సర్దార్ పటేల్‌తో ఒప్పందం చేసుకుని, వారాలు తిరగకుండానే మాట తప్పాడు. జనం వీధుల్లోకి వచ్చారు. పటేల్ కూతురు మణిబెన్‌ను అరెస్టు చేశారు. ఆ వార్త విని కస్తూర్బా ఇక ఆగలేదు. రాజకోట నా ఊరు, అక్కడి ఆడబిడ్డలు జైల్లో ఉంటే నేనిక్కడ ఎలా కూర్చోను అంది. ఆమెకు అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్లు. ఒంట్లో సత్తువ లేదు. 1939 ఫిబ్రవరిలో వెళ్లింది. వెంటనే పట్టుకుని, జనానికి దూరంగా పల్లెల్లో నిర్బంధించారు. చివరకు త్రంబాలో ఉంచారు. గాంధీ నిరాహారదీక్షకు దిగింది ఆ తర్వాత, మార్చి 3న. ఆ వరస గుర్తుంచుకోండి. ముందు వెళ్లింది ఆమె.

1942 కూడా అలాంటిదే. ఆగస్టు 9 తెల్లవారుజామున బొంబాయిలో గాంధీని పట్టుకెళ్లడానికి వచ్చారు. కావాలంటే ఆమె కూడా వెంట రావచ్చన్నారు. నన్ను వదిలి ఉండలేకపోతే రా, కానీ ఇక్కడే ఉండి నా పని చేస్తే నాకిష్టం అన్నాడాయన. ఆమె ఉండిపోయింది. ఆ సాయంత్రం శివాజీ పార్కులో ఆయన మాట్లాడాల్సిన సభలో తాను మాట్లాడతానని ప్రకటించింది. బయలుదేరుతుండగానే వైద్యురాలు సుశీలా నయ్యర్‌తో పాటు అరెస్టు చేసి ఆర్థర్ రోడ్డు జైలుకు, రెండు రోజుల తర్వాత గాంధీని బంధించి ఉంచిన పూణె ఆగాఖాన్ భవనానికి తీసుకెళ్లారు. భర్తతో హాయిగా వెళ్లిపోయే దారి తెరిచి ఉండగా వేరే దారిలో, వేరే నేరం మీద జైలుకు చేరింది.


తెల్లకోటు | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 3:40

పూణెలో నర్సుగా పనిచేస్తున్నాను. సొంతూరు ఖమ్మం దగ్గర. ఆగాఖాన్ భవనం మా ఆసుపత్రి నుంచి ఎంతో దూరం లేదు. సెలవు దొరికితే వెళ్లి కూర్చుంటాను. వెనక తోటలో రెండు సమాధులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి గాంధీ కార్యదర్శి మహాదేవ్ దేశాయిది. ఆయన అక్కడికి వచ్చిన ఆరు రోజులకు, 1942 ఆగస్టు 15న, యాభై ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. కొడుకులాంటి మనిషి. కస్తూర్బా రోజూ ఆ చోటుకు వెళ్లి దండం పెట్టుకునేది. ఇప్పుడు పక్కనే ఆమె ఉంది.

మీ పిల్లలకు చెప్పాల్సింది నా మనసుకు ఒకటుంది. అక్కడ ఆమెకు కాలక్షేపం కోసం క్యారమ్స్ నేర్పారు. పట్టుదలగా ఆడేది. గాంధీ ఆమెకు గుజరాతీ, భూగోళం పాఠాలు చెప్పేవాడు. డెబ్బై దాటిన మనిషి నదుల పేర్లూ ఊళ్ల పేర్లూ వల్లె వేసేది. విడి కాగితాల మీద రాసుకునేది. మిగతావాళ్లందరి దగ్గరా నోటుపుస్తకాలు ఉన్నాయి, నాకూ ఒకటి కావాలని అడిగింది. ముందు దస్తూరీ బాగుచేసుకో, అప్పుడు ఇస్తాను అన్నాడు గాంధీ. ఆమెకు మనసు చివుక్కుమంది. ఆయనకూ తర్వాత తప్పు తెలిసి, మంచి నోటుపుస్తకం తెప్పించారు. నాకెందుకు నోటుపుస్తకం అని, దాన్ని తీసుకెళ్లి ఆయన పుస్తకాల మధ్య పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు. విడి కాగితాల మీదే రాసుకుంది. సుశీలా నయ్యర్ అక్కడే ఉండి చూసి రాసిన సంగతి ఇది.

గుండెజబ్బు, ఊపిరి ఆడకపోవడం. చివరి నెలల్లో పడుకోలేక బల్ల మీద తల ఆన్చి కూర్చునేది. లాహోరు వైద్యుడు శివశర్మను రప్పించడానికే ప్రభుత్వం ఆలస్యం చేసింది. వచ్చాక రాత్రిపూట లోపల ఉండనివ్వలేదు. ఏ క్షణాన పిలుస్తారోనని ఆ వైద్యుడు గేటు బయట తన కారులో పడుకునేవాడు. చలికాలం. ఒక రోగి పక్కన రాత్రి కాపలా ఉండే పని చేసేదాన్ని కాబట్టి, ఆ కారు నా కళ్లముందు నుంచి పోదు.


నిప్పుకణిక | ఫిబ్రవరి 14, సాయంత్రం 5:05

పెన్సిలిన్ సంగతి మీరు చెప్పలేదు. చిన్న కొడుకు దేవదాసు కలకత్తా నుంచి విమానంలో తెప్పిస్తే గాంధీ వద్దన్నాడు. అదే ఏడాది తనకు మలేరియా వస్తే క్వినైన్ వేసుకున్నాడు. నేను ఇది మింగలేను.


తెల్లకోటు | ఫిబ్రవరి 14, రాత్రి 11:30

మీ కోపం న్యాయమైనదే అక్కా. కావాలని దాచలేదు. నర్సుగా నాకు కనిపించేది చెబుతాను. అప్పటికి ఆమెకు గుండె దెబ్బతింది, న్యుమోనియా కమ్మింది, మూత్రపిండాలు పనిచేయడం ఆగిపోతోంది. ఆనాటి పెన్సిలిన్ మూడు నాలుగు గంటలకొకసారి సూదితో ఇవ్వాలి. చివరి గంటల్లో ఉన్న మనిషిని రాత్రంతా పొడుస్తూ ఉండాలా అన్న ప్రశ్న ఈనాటి ఐసీయూ గుమ్మంలో కూడా కొడుకులూ భర్తలూ అడుగుతారు. ఆ మందు ఆమెను నిలబెట్టేదని నేను అనుకోను. కానీ ఆ నిర్ణయం ఆమెను అడిగి తీసుకోవాల్సింది. అక్కడ మీతో ఉన్నాను.

1944 ఫిబ్రవరి 22, మహాశివరాత్రి. సాయంత్రం 7:35కు గాంధీ ఒళ్లో తల పెట్టుకుని పోయింది. ఆయన వడికిన నూలుతో నేసిన చీర కట్టారు. మర్నాడు తోటలోనే దహనం. చితి ఆరేదాకా ఆయన చెట్టు కింద కూర్చునే ఉన్నాడు. లోపలికి వెళ్లి విశ్రాంతి తీసుకోమంటే, 62 ఏళ్లు కలిసి బతికి చివరి గడియలో వదిలి ఎలా పోను, ఆమె నన్ను క్షమించదు అన్నాడు. బూడిదలో ఆమె గాజులు ఐదూ చెక్కుచెదరకుండా దొరికాయి. మట్టిగాజులే, బంగారం కాదు.


పాత పుస్తకం | ఫిబ్రవరి 15, ఉదయం 9:15

ఆ గాజుల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలింది చెప్పేస్తాను. ఆమె పేరున దేశమంతా చందాలు పోగుచేశారు. 75 లక్షల రూపాయలు అనుకుంటే కోటి దాటింది. యుద్ధకాలం, బెంగాల్ కరువు తర్వాతి సంవత్సరం అది, గుర్తుంచుకోండి. పల్లెల్లో ఆడవాళ్ల కోసం, పిల్లల కోసమే ఖర్చుపెట్టాలని గాంధీ నియమం. ఠక్కర్ బాపా కార్యదర్శిగా ట్రస్టు నడిచింది. మంత్రసానులుగా, పల్లె సేవికలుగా ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపడం దాని ముఖ్యమైన పని. ఇండోర్ దగ్గర కస్తూర్బాగ్రామ్ దాని కేంద్రం. మన దగ్గర గోదావరి ఒడ్డున సీతానగరంలోనూ, హైదరాబాదు శివార్లలో హైదర్‌షాకోట్‌లోనూ ఆ ట్రస్టు పనిచేసింది. మీ బడి దానిది కాదు. అది 2004లో కేంద్రం మొదలుపెట్టిన పథకం. అయితే ఆ పేరు పెట్టినవాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గాని, నోటుపుస్తకం అడిగిన మనిషి పేరు ఆడపిల్లల బడికి పెట్టారు.


మగ్గం గుంట | ఫిబ్రవరి 15, ఉదయం 9:40

మేడమ్, మీ బడిలో ఎంతమంది పిల్లలో చెప్పండి. తలా ఒక నోటుపుస్తకం మా సంఘం తరఫున పంపుతాం. దస్తూరీ ఎలా ఉన్నా సరే.


పలకాబలపం | ఫిబ్రవరి 23, రాత్రి 10:05

నిన్న చెప్పాను. పది నిమిషాలు అన్నది నలభై నిమిషాలు అయింది. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా మెట్టు మీద కూర్చుని విన్నారు. మగ్గం గుంట గారూ, 186 మందికీ సరిపోయేలా మీ పార్సిల్ శుక్రవారమే వచ్చింది. తెల్లకోటు చెల్లెలు చెప్పిన సంగతి చెప్పాకే వాటిని పంచాను.

నేను అనుకున్నచోట పిల్లలు కదల్లేదు. చితి దగ్గర నా గొంతు పూడుకుపోయింది గాని వాళ్లు మామూలుగానే విన్నారు. ఒక్క చీర సంగతి దగ్గర అందరూ గొల్లుమంటారనుకున్నాను. నిశ్శబ్దం అయిపోయింది. వెనక వరుసలో ఇద్దరు తలలు దించుకున్నారు. వాళ్ల ఇళ్లు నేను చూశాను. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

మార్చి 8న తల్లులు వస్తారు. ఆ రోజుకు ఏదైనా ప్రదర్శన చేయమంటే పిల్లలే ఎంచుకున్నారు, ఫీనిక్స్ ఆశ్రమంలో కస్తూర్బా గాంధీని నిలదీసే ఘట్టం. మొదట ప్రశ్న అడిగిన పిల్లే కస్తూర్బా. ఈ సాయంత్రం సాధన చేయించాను. "జైలుకు పనికిరానంత లోపం నాలో ఏముంది?" అన్న మాట నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ పాఠం అప్పజెప్పినట్టే ఉంది. ఐదోసారి కాసేపు ఆగి, సవర భాషలో అంది. గాంధీ వేషం వేసిన పిల్ల నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

తెలుగులో చెప్పాలి కదా అన్నాను. "ఆవిడ కూడా వాళ్ల ఇంటి భాషలోనే అడిగి ఉంటారు కదా మేడమ్" అంది. మా అమ్మకు కూడా అర్థమవుతుంది అని మెల్లిగా కలిపింది.

అలాగే ఉంచేశాం. గాంధీ తెలుగులో జవాబు చెబుతాడు.